వగరు ఇంకా రాలేదు

మార్చి పదకొండో తేదీ నాకు బాగా గుర్తుంది. ఆ పొద్దున్న అల్లం పచ్చడితో పెసరట్టు తిన్నాను. ఒంటరి మగవాడు వేసుకున్న అట్టు ఎక్కడా చిరక్కుండా పెనం మీంచి మొత్తంగా లేచి రావడం చిన్న విషయం కాదు. మా ఆవిడ ఉండి ఉంటే పెనంతో సహా పట్టుకెళ్లి చూపించి ఉండేవాణ్ని. లేదు కనక నేనే కాసేపు చూసుకుని తిన్నాను. స్వతంత్రంగా తిన్న ఆఖరి ఫలహారం అదే. చెయ్యి కడుక్కుంటుండగా ఫోను మోగింది. అప్పటినుంచి నా నాలుక ప్రభుత్వానిది.

ఫోను చేసినవారు ఋతుపానీయాభివృద్ధి మండలి సభ్య కార్యదర్శి కోదండపాణి గారు. అలాంటి మండలి ఉందని నాకు తెలియదని చెబితే, అది పుట్టి మూడు వారాలే అయిందని, తెలియకపోవడం నా తప్పు కాదని క్షమించారు. సంగతేమిటంటే, పైవారెవరో చలిదేశానికి అధ్యయన యాత్రకి వెళ్లారట. అక్కడ ఆకులు రాలే కాలానికి ఒక బీరు, మంచు కురిసే కాలానికి ఒక బీరు చేసుకుని తాగుతారట. నాలుగు ఋతువులున్నవాళ్లే అంత చేస్తుంటే ఆరు ఋతువులున్న మనకి ఒక్క ఋతువుకీ బీరు లేదే అని పైవారికి విమానంలోనే సిగ్గేసిందట. దిగగానే మండలి పుట్టింది. మండలి పుట్టగానే ఉత్తర్వు పుట్టింది. సొంతంగా బీరు కాచుకుని అమ్మే ప్రతి దుకాణమూ ఉగాదికల్లా షడ్రుచుల వసంత బీరు తయారుచెయ్యాలి. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఒక్కటి తగ్గినా లైసెన్సు పునరుద్ధరణ ఉండదు.

ఒక్కో రుచిని నిర్ధారించడానికి ఒక్కో సభ్యుడు. తీపి చెరకు విభాగానికి వెళ్లింది. పులుపు ఉద్యానవనాలకి, ఉప్పు మత్స్యశాఖకి, కారం మార్కెట్ యార్డుకి వెళ్లాయి. చేదు ఆడిట్ వారు తమంతట తామే అడిగి తీసుకున్నారు.

"వగరుకి మాత్రం శాఖ లేదండి," అన్నారు కోదండపాణి గారు, తల్లి లేని పిల్ల గురించి చెబుతున్నట్టు. "విద్యాశాఖని అడిగితే రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు మీరున్నారన్నారు. వగరంటే ఏవో టానిన్లట కదా?"

అవునన్నాను.

"మరింకేం," అని పెట్టేశారు.

మొదటి సమావేశంలో మాకు నాలుక నియమావళి చదివి వినిపించారు. రుచి పరీక్ష పరగడుపున జరగాలి. తూర్పుముఖంగా జరగాలి. ఏ సభ్యుడూ తన రుచిని పరీక్ష కాలంలో ఇంట్లో ఆస్వాదించరాదు, నాలుక పక్షపాతం వహించే ప్రమాదం ఉంది కనక. అంటే టీ, జామకాయ, అరటిపువ్వు కూర, భోజనం తర్వాత వక్కపలుకు నాకు రద్దయ్యాయి. ఉప్పు సభ్యుడి పరిస్థితి తలుచుకుని నేను నోరు మూసుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఆఖరున ఉంది. ఏ సభ్యుడూ తన పరిధిలో లేని రుచిపై అభిప్రాయం వెలిబుచ్చరాదు.

తీపి సభ్యులు తారకేశ్వరరావు గారు అప్పుడు లేచి తనకి షుగరు వ్యాధి ఉందని మనవి చేసుకున్నారు. మండలి పావుగంట ఆలోచించి, ఆయన తరఫున తీపిని ఆయన డ్రైవరు చూడవచ్చునని తీర్మానించింది. తాగినవాడు బండి నడపకూడదు కనక పరీక్ష రోజుల్లో తారకేశ్వరరావు గారే కారు నడిపేవారు. డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాడు. చట్టాన్ని ఇంత శ్రద్ధగా పాటించినవాళ్లని నేను చాలా తక్కువమందిని చూశాను.

మా ఊరికి వచ్చేసరికి పరీక్షించవలసిన దుకాణం ఒక్కటే తేలింది. భీమిలి రోడ్డులో, సముద్రానికి ఎదురుగా ఉన్న 'కెరటం'. దాని యజమానురాలు గొర్లె పైడితల్లి ఒకప్పుడు నా దగ్గర డిగ్రీ చదివిన పిల్ల. పులియడం గురించి పాఠం చెబుతుంటే మిగతావాళ్లు నవ్వుకునేవారు, ఈ పిల్ల మాత్రం ప్రశ్నలు వేసేది. రాగుల్ని మావైపు చోళ్లంటారు. ఆ చోళ్లు మొలకెత్తించి, వేయించి, పైడితల్లి బీరు కాస్తుంది. వాళ్ల నాయనమ్మ అంబలి పులియబెట్టే పద్ధతిలోంచి ఏదో పట్టుకుందట. నేను పెద్ద తాగుబోతుని కాను గానీ, ఆ బీరు ఒక గ్లాసు తాగి సముద్రం వైపు చూస్తుంటే సాయంత్రం కాస్త తొందరగా గడుస్తుంది. నా వయసులో అంతకన్నా ఎక్కువ ఏ పానీయాన్నీ అడగకూడదు.

మొదటి నమూనా మార్చి మూడో వారంలో సిద్ధమైంది. మేం ఆరుగురం, అంటే ఐదుగురం సభ్యులం, ఒక డ్రైవరు, ఏమీ తినకుండా ఉదయం ఏడింటికి వెళ్లి సముద్రం వైపు వరసగా నిలబడ్డాం. మావైపు తూర్పంటే సముద్రమే కనక ఈ నియమం ఒక్కటీ నాకు నచ్చింది. దూరంగా వలలు లాగుతున్నవాళ్లు పని ఆపి మమ్మల్ని చూశారు.

నిజం చెప్పాలంటే ఆ మొదటి నమూనా బాగానే ఉంది. చోళ్ల బీరులోనే చిన్న మామిడి తొక్క వాసన, చివర్న ఎక్కడో వేపపువ్వు నీడ. పైడితల్లి తెలివిగా అన్నిటినీ లోపల దాచింది. దాచడమే తప్పయింది.

"కారం నాకు కనపడలేదు," అన్నారు కారం సభ్యులు రుక్మాంగదరావు గారు. ఆయన పొడుగ్గా, గంభీరంగా ఉండే మనిషి. గుంటూరు యార్డులో చాలాకాలం పనిచేసి వచ్చారు. "రాష్ట్రంలో మిర్చికి ఉన్న స్థానం దృష్ట్యా, ఇది మా శాఖని చిన్నచూపు చూసినట్టుగా భావించవలసి వస్తుంది."

కారం పెంచారు. రెండో నమూనాలో కారం కనపడింది, మిగతా ఐదూ కనపడలేదు. తీర రేఖ పొడవు దృష్ట్యా ఉప్పుకి జరిగిన అన్యాయం గురించి మత్స్యశాఖ వారు మాట్లాడారు. ఉప్పు పెంచితే పులుపు లేచింది. పులుపు పెంచితే చెరకు విభాగం తరఫున డ్రైవరు, కొంచెం మొహమాటంగా, బెల్లం ఇంకా పడాలన్నాడు. ఆడిట్ వారు ఏమీ అనలేదు, ముఖం పెట్టారంతే. దాన్నే అభ్యంతరంగా నమోదు చేసుకుని వేపపువ్వు పెంచారు. అన్నీ పెరిగాయి కనక వగరు కూడా పెరగాలని, లేకపోతే రేపు నేను కోర్టుకి వెళ్లవచ్చునని కోదండపాణి గారు నాకు తెలియకుండానే నా తరఫున వాదించి గెలిచారు. ఆ రాత్రి పైడితల్లి మామిడి టెంకలోని జీడి దంచి వేసింది.

చివరికి ఆరు రుచులకీ సమాన వాటా అని సూత్రం ఖరారైంది. బీరుకి ఎంత వాటా అని పైడితల్లి అడిగితే, బీరు ఏ శాఖ కిందికీ రాదన్నారు.

ఆ మూడో నమూనా గురించి నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను. రంగు, చాలాకాలం వాడని కుళాయి తిప్పితే మొదట వచ్చే నీళ్ల రంగు. నురగ వచ్చి, చూసి, వెళ్లిపోయింది. పైన వేపపువ్వు రేకులు తేలుతున్నాయి. మొదటి గుక్కలో బెల్లం ఎదురొచ్చి మర్యాదగా పలకరించింది. అంతలో దాని భుజం మీంచి కారం చొరబడింది. ఆ వెనకే చింతపండు వచ్చి పళ్లు జిల్లుమనిపించింది. ఉప్పు కళ్లలోకి వచ్చింది. చేదు గొంతులో కుర్చీ వేసుక్కూర్చుంది. పెళ్లి విడిదిలో ఆరుగురు వియ్యంకులు ఒకేసారి అలిగినట్టుంది. పుచ్చుకున్నవాడికి దొరికిన ఏకైక ఊరట ఏమిటంటే గ్లాసు చిన్నది.

కానీ ఎవరూ బాగాలేదనలేదు. అనడానికి వీల్లేదు కూడా. బాగాలేదన్నది ఆరు రుచుల్లో ఏదీ కాదు కనక అది ఎవరి పరిధిలోకీ రాదు. పైగా మనవాళ్లలో ఒక అలవాటుంది. ఉగాది పచ్చడి ఎలా ఉన్నా నాలిక్కి రాసుకుని, కళ్లు మూసుకుని, "బాగుంది" అనేస్తాం. మా ఆవిడ చేసినన్నేళ్లూ నేనూ అన్నాను. అదొక దయ. ఏడాదికి ఒక్క చెంచాకి సరిపోయే దయ అది, పీపాలకి సరిపోదు.

పీపాల గురించి ఎందుకన్నానంటే, ఉత్తర్వులో ఏకపాన విధానం అని ఒక నియమం ఉంది. వసంత బీరుకి ఆమోదం వచ్చిన క్షణం నుంచి ఋతువు ముగిసేదాకా ఆ దుకాణం ఆ ఒక్క బీరే అమ్మాలి. ఆ సంగతి పైడితల్లి నాకు తుది పరీక్ష ముందు సాయంత్రం చెప్పింది. పీపాల గదిలో నిలబడి, ఒక చల్లని పీపా మీద చెయ్యి వేసి చెప్పింది.

"ఆరు రుచులూ ఉన్నాయని మీరందరూ రాస్తే నా చోళ్ల బీరంతా తూములో పొయ్యాలి, మాస్టారూ. ఇది నింపాలి. జనం ఒకసారి తాగుతారు, మళ్లీ ఈ రోడ్డుకే రారు. ఒక్కటి లేదని రాస్తే లైసెన్సు పోద్ది. ఎటైనా 'కెరటం' మూతే."

నేనేం చెయ్యగలనమ్మా అన్నాను.

"ఏటీ చెయ్యలేరు," అంది, ఊరడిస్తున్నట్టు. "మిగతా ఐదుగురూ ఉంది అంటారు. ఆఖర్న మీరు. ఏదంటే అదే. నాకోసం అబద్ధమాడమని అడగను. ఏది అబద్ధమైతే నాకు మేలో కూడా తెలీదు నాకు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ప్రాక్టికల్ పరీక్షలు చేయించాను. పరీక్షనాళికలో రాని రంగు వచ్చిందని రాసిన పిల్లల్ని నిర్దాక్షిణ్యంగా ఫెయిల్ చేశాను. ఉన్నదాన్ని ఉందని, లేనిదాన్ని లేదని రాయడమే నాకొచ్చిన ఒకే ఒక్క విద్య. అది ఈ పిల్లకి రెండువైపులా పనికిరాదు.

తుది పరీక్షకి మండలి అధ్యక్షులవారు స్వయంగా వచ్చారు. తీపి ఉంది. పులుపు ఉంది. ఉప్పు ఉంది. కారం ఉందని రుక్మాంగదరావు గారు కన్నీళ్లతో ధ్రువీకరించారు. చేదు ఉందని ఆడిట్ వారు మొదటిసారి చిరునవ్వు నవ్వారు. నా వంతు వచ్చింది. తూర్పుకి తిరిగి గుక్క వేశాను. వగరు ఉంది. ఉండటమేమిటి, మామిడి జీడి వగరు నాలుకని రెండువైపులా పట్టుకుని లోపలికి లాగుతోంది. ఇంతలో పైడితల్లి కనపడింది. చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ పిల్లలాగా, నావైపు చూడకుండా సముద్రం వైపు చూస్తోంది.

"వగరు?" అన్నారు కోదండపాణి గారు, కలం పట్టుకుని. "ఉందా, లేదా?"

నోరు తెరిచాను. ఉంది అనడానికి మనసు రాలేదు, లేదు అనడానికి మాట రాలేదు. ఆ రెండిటి మధ్యా నలిగి ఒక మాట బయటికొచ్చింది.

"రాలేదు," అన్నాను.

కోదండపాణి గారి కలం ఆగింది. "లేదా? రాలేదా?"

"ఇంకా రాలేదు."

"అనగా, రావలసి ఉందా?"

ఆయన ముఖం చూస్తే నాకు ఏదో తలుపు కనపడింది. ఎక్కడికి తెరుచుకుంటుందో తెలియకుండానే దాని గడియ మీద చెయ్యేశాను. వగరు మిగతా రుచుల్లాంటిది కాదని, అది నిదానంగా వచ్చే రుచి అని, జామకాయ మింగాక గానీ వగరు తెలియదని పాఠం మొదలుపెట్టాను. అది నిజమే. దేని గురించి చెబుతున్నానో అది మాత్రం అబద్ధం.

మండలి అక్కడే, సముద్రపు గాలిలో, అత్యవసరంగా సమావేశమైంది. 'రావలసి ఉంది' అన్నదాంట్లో 'ఉంది' ఉంది కనక దాన్ని ఉంది కిందే జమ కట్టవచ్చునని పులుపు వారన్నారు. 'రాలేదు'లో 'లేదు' కూడా ఉందని ఉప్పు వారు గుర్తుచేశారు. చాలాసేపు వ్యాకరణం నడిచింది. మా కాలేజీ తెలుగు శాఖలో కూడా ఒక క్రియాపదం గురించి ఇంతసేపు చర్చ జరగ్గా నేను వినలేదు. చివరికి కోదండపాణి గారు లేచి, ఎవరి మాటా కాదనకుండా అందరినీ ఒడ్డున పడేసే ఆ స్వరంతో తీర్పు చదివారు.

"వగరు మార్గమధ్యంలో ఉన్నట్టు భావించి, సదరు రుచి ఆగమనం వరకు ఈ విషయాన్ని పెండింగులో ఉంచడమైనది. పెండింగు కాలంలో యథాతథ స్థితి కొనసాగును."

యథాతథ స్థితి అంటే పాత లైసెన్సు, పాత బీరు. పైడితల్లి అప్పుడు నావైపు చూసింది. అధ్యక్షులవారికి మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది, కొంచెం ఎక్కువసేపే లోపల ఉంది.

కారెక్కబోతూ రుక్మాంగదరావు గారు నన్ను పక్కకి పిలిచారు. "మాస్టారూ, నాకు వగరు తగిలిందండీ," అన్నారు రహస్యంగా. "కానీ నా పరిధి కాదు కదా," అని నిట్టూర్చి, నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది. నిబంధనల చాటున కూడా మంచితనం దాక్కుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఉగాది రోజున ఆవిష్కరణ సభ మాత్రం ఆగలేదు. శామియానా వేశారు, సన్నాయి పెట్టారు. ఆరు రుచుల మీద ఆరుగురు ప్రసంగించారు. చిక్కల్లా ఆవిష్కరించిన తర్వాత అతిథులకి ఏం పొయ్యాలన్న దగ్గర వచ్చింది. ఆమోదం లేని పానీయం వడ్డించడం నేరం. ఆమోదం ఉన్నది చోళ్ల బీరు ఒక్కటే. కాబట్టి వసంత బీరు అని బంగారు అక్షరాలు రాసిన గ్లాసుల్లో, చట్టప్రకారం, చోళ్ల బీరు పోశారు.

అతిథులు కళ్లు మూసుకుని తాగారు. కళ్లు తెరిచి మళ్లీ పొయ్యమన్నారు. ఆరు రుచులూ ఒకదాని వెంట ఒకటి తెలుస్తున్నాయని ఒకరన్నారు. వేపపువ్వు దగ్గర తనకి చిన్నతనం గుర్తొచ్చిందని ఇంకొకరు కళ్లు తుడుచుకున్నారు. రుక్మాంగదరావు గారు బాధ్యతగా దగ్గారు. అధ్యక్షులవారు మూడో గ్లాసు దించి నన్ను పిలిపించారు.

"వగరు నాకు స్పష్టంగా తెలిసిందండీ. ఇంకా రాలేదంటారేమిటి మీరు? ఇప్పుడే సంతకం చేసెయ్యండి. సభలోనే ప్రకటిద్దాం."

పైడితల్లి చేతిలో కూజా అలాగే ఆగిపోయింది. నేను తడబడుతుండగా కోదండపాణి గారే అడ్డుపడ్డారు. నామీద ప్రేమతో కాదు, నియమావళి మీద ప్రేమతో. అధ్యక్షులవారికి అన్ని రుచుల మీదా పర్యవేక్షణాధికారం ఉంది గానీ, ఏ రుచీ లేదని వినయంగా మనవి చేశారు. వగరు వచ్చిందీ రానిదీ వగరు సభ్యులే చెప్పాలి. అందాకా నమూనా పీపాని సీలు వేసి దుకాణంలోనే భద్రపరచాలి. వగరు సభ్యులు ప్రతి శనివారం వెళ్లి, పరగడుపున, తూర్పుముఖంగా, ఒక గ్లాసు పుచ్చుకుని పరిస్థితిని నివేదించాలి. అధ్యక్షులవారు నాలుగో గ్లాసు అందుకుని, అలాగే కానివ్వమన్నారు.

అప్పటినుంచి శనివారాలు వెళుతున్నాను. పొద్దున్నే పైడితల్లి సీలు విప్పి, ఆ తుప్పు నీళ్లు గ్లాసులో పోసి, నేను తాగుతుంటే తనే ముఖం చిట్లిస్తుంది. మింగాక, రాలేదంటాను. ఆ వెంటనే ఇడ్లీలు పెడుతుంది. నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. చోళ్లు ఈసారి సరిగ్గా మొలకెత్తలేదనో, వాళ్ల నాయనమ్మ తనని తిట్టిందనో చెబుతుంది. శనివారం ఫలానాచోట నాకోసం ఒకరు చూస్తుంటారన్న సంగతి శుక్రవారం నుంచే ఇంట్లో తెలుస్తూ ఉంటుంది. అబద్ధానికి శిక్ష ఇదేనా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. కానీ గ్లాసు ఎత్తగానే ఆ అనుమానం పోతుంది.

వసంతం అయిపోయింది. ఎండలు ముదిరాయి. ఋతువుతోపాటు పీడా పోతుందనుకున్నాం. నిన్న కోదండపాణి గారు ఫోను చేశారు. వసంత బీరు మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు కనక, అంటే దాన్ని ఎవరూ తాగలేదు కనక, పథకం అఖండ విజయం సాధించినట్టు ప్రకటించారట. ఐదుగురు సభ్యుల పదవీకాలం ముగిసింది. నాది మాత్రం వగరు వచ్చేవరకూ పొడిగించారట. వగరు రాకముందే నేను పోతే ఏమిటని అడిగితే, ఆ విషయం పరిశీలనలో ఉందన్నారు.

ఈ కబురు చెబుదామని ఇవాళ సాయంత్రం 'కెరటం'కి వెళ్లాను. మేడమీద కూర్చున్న ఆఖరి జంట లేచి వెళ్లేదాకా ఆగి చెప్పాను. పైడితల్లి విని, చేతిలో తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టింది.

"అంటే మీరు ఉన్నన్నాళ్లూ నా లైసెన్సు ఉంటాది."

"అంతేగా మరి."

"అయితే ఆరోగ్యం జాగ్రత్త, మాస్టారూ. శనివారం ఆ గ్లాసు సగమే పోస్తాను." గొంతు తగ్గించి అడిగింది. "నాకొక్కదానికి నిజం చెప్పండి. ఆ రోజు వగరు తెలిసిందా, లేదా?"

"జీడి దంచి వేసింది నువ్వు. నన్నడుగుతావేం?"

నవ్వేసింది. లోపల దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ పీపాల గది దాకా వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. చోళ్ల బీరు పీపాలు వరసగా ఉన్నాయి, లోపల సన్నగా ఏదో పొంగుతున్న చప్పుడు. మూలన, ఎర్ర లక్క సీలు వేసుకుని, ప్రభుత్వ పీపా ఒక్కటీ కదలక మెదలక కూర్చుని ఉంది. నేను ఏదో అనబోయాను. పైడితల్లి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా, మాస్టారూ. మన మాటలు విని వగరు వచ్చేగల్దు."

తలుపు రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.